కంప్యూటర్లో కార్తెలు

మే 25, 2025, ఆదివారం

రోహిణి కార్తె ఇవాళ మొదలు. రోళ్లు పగలాల్సిన ఎండ. బయట చూస్తే మొగులు కమ్ముకుని ఉంది, మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని కూర్చున్నా. నైరుతి నిన్ననే కేరళను తాకింది. మామూలుగా జూన్ 1న తాకాలి, ఇంత ముందుగా రావడం 2009 తర్వాత మళ్లీ ఇప్పుడే. నాయిన వాకిట్లో కుర్చీ వేసుకుని ఆకాశం వంక అనుమానంగా చూస్తున్నాడు. "రోహిణి కాయకపోతే మృగశిర కురవది బిడ్డా. ఇది దొంగ వాన" అన్నాడు.

కొత్త ఆటకు ఋతువులు నేనే రాయాలని శుక్రవారం మీటింగులో తేల్చారు. ఈ ఆటకు మ్యాపు ముందే గీసిపెట్టి ఉండదు. ఆడేవాళ్లు "కొత్త ఆట" నొక్కగానే ఒక సీడ్ నంబరు పుడుతుంది. గుట్టలు, వాగులు, చెట్లు, ఊళ్లు అన్నీ ఆ అంకె నుంచే ప్రోగ్రాం అప్పటికప్పుడు పుట్టిస్తుంది. అంకె మారితే లోకం మారుతుంది, అదే అంకె మళ్లీ కొడితే అదే లోకం గులకరాయి తేడా లేకుండా తిరిగొస్తుంది. ఋతువుల గురించి నాకిచ్చిన టికెట్‌లో రెండు ముక్కలే ఉన్నాయి: నాలుగు ఋతువులు, ఒక్కోటి 28 రోజులు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆట లెక్క అది. చలికాలం కోసం మంచు టెక్స్చర్లు ముందే కొనేశారట.

మరి వానాకాలం ఏది అని అడిగా. "వాన వెదర్ కదా, సీజన్ కాదు" అన్నాడు ప్రొడ్యూసర్. కోపం రాలేదు కానీ ఈ మాటను ఇక్కడ రాసిపెట్టుకోవాలనిపించింది.

మే 28, బుధవారం

రెండు రోజులుగా మిగతా ఆటలు ఏం చేశాయో తవ్వుతున్నా.

మైన్‌క్రాఫ్ట్‌లో ప్రతి ప్రాంతానికీ రెండు అంకెలు: ఉష్ణోగ్రత, వాన. ఎడారికి 2.0, సున్నా. ఉష్ణోగ్రత 0.15 కంటే తగ్గితే వాన బదులు మంచు పడుతుంది. 2021 నవంబరులో వచ్చిన 1.18 నుంచి వేడికి, తేమకు, సముద్రం నుంచి దూరానికి, నేల కోతకు వేరువేరు నాయిస్ మ్యాపులు వేసి, వాటి కలయికను బట్టి ప్రాంతాలు పంచుతున్నారు. ఈ నాయిస్ పద్ధతికి పెద్దదిక్కు కెన్ పెర్లిన్. 'ట్రాన్' సినిమాకు పనిచేశాక, కంప్యూటర్ బొమ్మలు మరీ నున్నగా, ప్రాణం లేకుండా ఉన్నాయని విసిగి 1980ల మొదట్లో కనిపెట్టాడు. 1997లో దానికి ఆస్కార్ వాళ్ల సాంకేతిక పురస్కారం కూడా వచ్చింది. ఇంత చేసినా మైన్‌క్రాఫ్ట్‌లో ఋతువు లేదు. వాన ఒక టైమరు. అది మోగితే లోకమంతా ఒకేసారి మబ్బు పడుతుంది.

రిమ్‌వరల్డ్ నయం. గ్రహం మొత్తం పుట్టిస్తుంది, ఏడాదికి 60 రోజులు, నాలుగు భాగాలు. అక్షాంశం పెరిగేకొద్దీ వేసవికీ చలికీ తేడా పెరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గరి చోటు ఎంచుకుంటే "శాశ్వత వేసవి" అని చూపిస్తుంది. నో మ్యాన్స్ స్కైలో 2 పవర్ 64 గ్రహాలున్నాయి, ఒక్కదానికీ ఋతువు మారదు. డోంట్ స్టార్వ్‌లో మొదట వేసవి, చలి మాత్రమే ఉండేవి. 2014లో నాలుగు చేశారు, అందులో వసంతం అంటే ఎడతెరిపిలేని వాన, పైనుంచి కప్పలు కూడా పడతాయి. ఇన్నిట్లో మన ఆషాఢానికి దగ్గరగా ఉన్నది ఆ కప్పల వానే.

సిరీన్ సీజన్స్ అని మైన్‌క్రాఫ్ట్‌కు బయటివాళ్లు రాసిన మాడ్ ఒకటి ఉంది. ఉష్ణమండలానికి విడిగా పొడి కాలం మూడు భాగాలు, తడి కాలం మూడు భాగాలు పెట్టారు. మొత్తం ఆరు. చూడగానే లేచి నాయినకు చెప్పా. "ఆరే కదా ఉండేది" అన్నాడు, వింతేముంది అన్నట్టు.

చూసిన ఆటల్లో చాలావాటికి ఋతువంటే థర్మామీటరే: సూర్యుడు వంగితే చలి, లేస్తే ఎండ. మాకు ఋతువును తెచ్చేది నీళ్లు.

జూన్ 8, ఆదివారం

మృగశిర. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం ఆస్తమా రోగులు బారులు తీరారని టీవీలో చూపిస్తున్నారు. మా ఇంట్లో కొర్రమీను కూర.

మే చివర్లో దంచిన వాన మళ్లీ మొహం చూపలేదు. నాయిన గెలిచినట్టే మాట్లాడుతున్నాడు.

తింటూ కార్తెలన్నీ చెప్పించుకుని టైప్ చేశా. అశ్వని నుంచి రేవతి దాకా 27. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండేది 13, 14 రోజులు. ప్రతి గడిలో నాయిన ఏం చెప్పాడో అది: ఏం విత్తాలి, ఏ పురుగు వస్తుంది, గాలి ఎటు, ఎండ ఎంత, చెరువులోకి నీళ్లు వస్తాయా రావా. తిని లేచేసరికి నా దగ్గర 27 వరుసల లుకప్ టేబుల్ ఉంది. నాలుగు గదుల టికెట్ కంటే ఇది ఎంత సూక్ష్మంగా ఉందంటే, పునర్వసుకూ పుష్యమికీ మధ్య నాట్లలో తేడా కూడా చెప్పగలదు.

ఒక్క తిరకాసు. కార్తెలు నక్షత్రాలను పట్టుకుని నడుస్తాయి, ఎండలూ వానలూ విషువత్తులను పట్టుకుని నడుస్తాయి. ఆ రెండు సంవత్సరాల మధ్య తేడా సుమారు 20 నిమిషాలు. అంటే 70 ఏళ్ల చిల్లరకు ఒక రోజు జారుతుంది. కాకతీయుల కాలంలో మృగశిర పుట్టింది ఇప్పటికంటే పదిరోజులు ముందుగా, వానకు ఇంకాస్త దూరంగా. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ లాగా వందల ఏళ్ల చరిత్ర నడిపే ఆటలో ఈ జారుడు పెడితే, సామెతలు మెల్లగా అబద్ధాలయ్యే లోకం తయారవుతుంది. టికెట్‌లో లేదు. అయినా రాసుకున్నా.

జూన్ 17, మంగళవారం

ప్రొడ్యూసర్‌కు లెక్క చూపిస్తే తప్ప కదలడని పొద్దున అరగంట కూర్చుని ఇది చేశా.

మా టెరైన్ ప్రోగ్రాం విటాకర్ పటం వాడుతుంది. అడ్డంగా ఏడాది సగటు ఉష్ణోగ్రత, నిలువుగా ఏడాది మొత్తం వాన. రెండూ కలిసే చోట ఎడారో అడవో చెబుతుంది. ప్రొసీజరల్ మ్యాపులు, అంటే ప్రోగ్రాంతో పుట్టించే మ్యాపులు, వేసేవాళ్లకు అది ఎక్కాల పుస్తకం. ఏ నెలలో పడిందన్నది మాత్రం ఆ పటానికి పట్టదు.

వాతావరణాలను వర్గీకరించే కోపెన్ పద్ధతికి పడుతుంది. వానలో 70 శాతం పైన వేసవి అర్ధభాగంలో పడే చోట మెట్టకూ తడినేలకూ మధ్య గీత ఎక్కడంటే, సగటు ఉష్ణోగ్రతను 20తో గుణించి 280 కలపాలి. హైదరాబాద్‌కు 26.6 డిగ్రీలు పెట్టుకుంటే 532కు 280 కలిపి 812 మిల్లీమీటర్లు. అంతకు తగ్గితే పాక్షిక ఎడారి, మించితే సవానా. మా ఊరి సగటు వాన 800 చిల్లర! గీత సరిగ్గా మా కాళ్ల కిందనుంచి పోతోంది. ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు.

అదే వాన ఏడాది పొడుగునా సమంగా పడితే కలపాల్సింది 140 మాత్రమే, గీత 672కు దిగుతుంది. చలికాలంలో పడితే కలపాల్సిందేమీ లేదు, 532. ఒకే ఎండ, ఒకే వాన, మూడు వేరువేరు దేశాలు. తేడా అంతా ఎప్పుడు పడింది అన్న దాంట్లోనే.

స్లైడ్ వేసి పంపా. జవాబుగా బొటనవేలు బొమ్మ వచ్చింది. ఒప్పుకున్నట్టా, చూసినట్టా?

జూన్ 24, మంగళవారం

ఆరుద్ర. నిన్న సాయంత్రం పదును వాన పడింది. పొద్దున పెద్దనాయన వాళ్ల చెలక దాకా నడిచి వెళ్లా. ఎర్రనేల మీద ఆరుద్ర పురుగులు. ఒక్కోటి వేలిగోరంత ఉంటుంది, ముఖమల్ గుడ్డ కత్తిరించినట్టు. తాకితే కాళ్లు ముడుచుకుని పడుకుంటుంది, కాసేపు ఓపిక పడితే మళ్లీ నడుస్తుంది. ఆట కోసం ఫొటో తీసుకున్నా కానీ ఆ ఎరుపు ఫోనులో రాలేదు.

పేరు ఆరుద్ర పురుగు, కానీ అది క్యాలెండర్ చూసి రాదు. నేల లోపలికి తడి దిగితే వస్తుంది. ఆరుద్రలో వాన లేకపోతే లేదు. కాబట్టి కోడ్‌లో తేదీని బట్టి కాదు, పై పొర తేమ ఒక గీత దాటితే పురుగులు పుట్టాలి. నిన్నటిదాకా నేను రాసిందంతా "ఈ కార్తె వస్తే ఇది జరగాలి" పద్ధతి. ఇవాళ్టి నుంచి కార్తె చెప్పేది అవకాశం మాత్రమే. జరగడం, జరగకపోవడం నేల తేలుస్తుంది.

చెలక పక్క రైతు మే చివరి వానను నమ్మి పత్తి గింజలు పెట్టాడు. మొలక వచ్చింది, తర్వాత వాన మొహం చాటేసింది, సగం సాళ్లు మాడిపోయాయి. మళ్లీ గింజలు తెచ్చి పెడుతున్నాడు. గింజల ఖర్చు రెండింతలు. ఈ ఏడాది నైరుతి మే 29 దాకా ఉరికొచ్చి, తర్వాత రెండు వారాలకు పైగా దేశం నడుమ కదలకుండా నిలబడింది. ముందొచ్చిన వాన మోసం చేయగలదు. నా ఆటలో అసలు పరీక్ష ఇదే కావాలి. పులి వెంటపడడం కాదు, మొదటి వానకు విత్తాలా ఆగాలా అన్నది.

దీనికి గణితం ఎప్పుడో ఉంది. 1962లో గాబ్రియెల్, నాయ్‌మన్ అనే ఇద్దరు టెల్ అవీవ్ వానలను మార్కోవ్ గొలుసుగా రాశారు: నిన్న వాన పడి ఉంటే ఇవాళ పడే అవకాశం ఒకటి, పడకపోయి ఉంటే ఇంకొకటి. మ్యాపును ప్రోగ్రాంతో పుట్టించిన తొలితరం ఆట 'రోగ్' రావడానికి 18 ఏళ్ల ముందు! మనకు పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో మెట్టపంటల వాళ్లు ఊరూరి వానల రికార్డులు తీసి, ఏ వారంలో ఎంత వాన పడే అవకాశం ఉందో లెక్కగట్టి పుస్తకాలు వేశారు. ప్రొసీజరల్ వాతావరణం ఆటలవాళ్ల సొత్తు అనుకుంటాం కానీ, అంకెలతో లేని ఏడాదిని పుట్టించడం ఆటలకంటే ముందే మొదలైన పని.

నా లెక్క: 27 కార్తెలు, ఒక్కోదానికి రెండు అవకాశాలు, 54 అంకెలు. పైన ఏడాది మొత్తానికి ఒక అంకె, ఈ ఏడు ఎట్లాంటిదని. అది ఆడేవాళ్లకు చూపించను.

జూలై 11, శుక్రవారం

డాబా మీద బట్టలు తీస్తుంటే విమానం తోక మీద బొమ్మ దాకా కనిపించింది. ఇవాళ కూడా తూర్పు నుంచే వచ్చి దిగుతున్నాయి.

శంషాబాద్‌లో పెరిగినవాళ్లకు ఇది తెలిసీ తెలియని సంగతి. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగానే లేస్తుంది. ఇక్కడి రన్‌వేలు 09, 27. అంటే దిక్సూచి మీద 90, 270 డిగ్రీలు, తూర్పు పడమరలు. పెద్దది 4,260 మీటర్లు. వానాకాలమంతా గాలి పడమటి నుంచి, కాబట్టి విమానాలు తూర్పు వైపు నుంచి వచ్చి పడమర ముఖంగా దిగుతాయి. చలికాలంలో గాలి తూర్పు నుంచి, దిగడం తిరగబడుతుంది. రన్‌వే ఎటు వేయాలన్నది ఎక్కడైనా ఏళ్ల తరబడి గాలి రికార్డులు చూసే నిర్ణయిస్తారు. అడ్డగాలి వల్ల ఆగిపోకుండా కనీసం 95 శాతం సమయం వాడుకునేలా ఉండాలని అంతర్జాతీయ సూచన. 2008 మార్చిలో ఈ విమానాశ్రయం తెరిచినప్పుడు దాదాపు 5,500 ఎకరాలు పోయాయని మా వాళ్లు ఇప్పటికీ అంటుంటారు, అందులో మా జొన్న చేను కూడా ఉంది. ఆ చేను ఉన్న వైపు ఇప్పుడు గాలి దిక్కు కాంక్రీటులో పోసి ఉంది.

విమానాశ్రయం ప్రతి అరగంటకూ మెటార్ అని ఒక వరస వదులుతుంది. గాలి దిక్కు, వేగం, ఎంత దూరం కనిపిస్తోంది, మబ్బు ఎత్తు, ఉష్ణోగ్రత, మంచుబిందు స్థానం, పీడనం. మా ఊరి కోడ్ వీఓహెచ్ఎస్. పాత వరసలు అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు భద్రంగా దాచిపెట్టారు. దింపుకుని నెలల వారీగా చుక్కలు పెట్టా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చుక్కలన్నీ పడమర చుట్టూ గుమిగూడాయి. నవంబరు నుంచి తూర్పు చుట్టూ. మధ్య నెలల్లో చెల్లాచెదురు. ఇంత తేటగా ఋతువును ఏ పటంలోనూ చూడలేదు. వేడి గీత చూస్తే ఏ నెల ఏదో చెప్పడానికి తడుముకోవాలి, గాలి గీత చూస్తే ఇట్టే చెప్పొచ్చు.

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ లాంటివాటిలో కొండ అవతల వాన తగ్గే సంగతి ఉంది. మా ప్రోగ్రాంలో గాలి ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి. కాబట్టి కొండకు ఒక వైపు ఎప్పటికీ పచ్చన, ఇంకో వైపు ఎప్పటికీ ఎండు. మన దేశంలో గాలి తిరుగుతుంది. నైరుతిలో పడమటి కనుమల మీద మహాబలేశ్వరంలో 5,000 మిల్లీమీటర్ల పైన కురిసి, ఇటు దిగేసరికి మేఘం సగం ఖాళీ. మాకు మిగతా వాన తెచ్చేవి బంగాళాఖాతం అల్పపీడనాలు. అక్టోబరులో గాలి మళ్లాక తూర్పు తీరం వంతు.

అందుకే వరస మార్చేశా. ముందు గాలి, గాలి నుంచి తేమ, తేమ నుంచి వాన, వాన నుంచి నేల, చివర్న ఉష్ణోగ్రత. టికెట్‌లో అది మొదట ఉంది, నా కోడ్‌లో అట్టడుగుకు పోయింది.

జూలై 20, ఆదివారం

తమ్ముడు మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మా ఊరి రన్‌వే మీద దిగడం చూపించాడు. అది పుట్టించిన లోకం కాదు. నిజం భూమి మీద ఉపగ్రహ చిత్రాలు పరిచి, భవనాలూ చెట్లూ ప్రోగ్రాంతో లేపారు. వాతావరణం స్విట్జర్లాండ్‌లోని మెటియోబ్లూ అనే సంస్థ నుంచి అప్పటికప్పుడు వస్తుంది. గాలి, మబ్బు కిటికీ బయట ఉన్నట్టే. నేల మాత్రం ఫొటో తీసిన నాటిదే. వాన ఇవాళ్టిది, చెరువు ఎప్పటిదో.

ఆగస్టు 3, ఆదివారం

నీడ లేని రోజు. హైదరాబాద్‌లో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మే 9న, ఆగస్టు 3న. 12 గంటల 23 నిమిషాలకు డాబా మీద ఇనుప పైపు నిలబెట్టుకుని కూర్చున్నా. మబ్బు. నీడ ఎట్లాగూ లేదు.

మే నెలలో సగటు పగటి ఎండ 40 దగ్గర, ఆగస్టులో 30 దగ్గర. రెండు నెలల్లోనూ సూర్యుడు ఉన్నచోటు ఒకటే! అక్షాంశం ఇచ్చి ఒక సైన్ గీత గీసే ఆటల పద్ధతి ఇక్కడే బోల్తా పడుతుంది. సూర్యుడి లెక్క వేసి, అందులోంచి మబ్బునూ తడి నేలనూ తీసేశా. వాన రాకముందు వేడి దానంతటదే పెరుగుతుంది, వాన వచ్చిన రోజు దానంతటదే పడిపోతుంది. వాన ఆలస్యమైతే జూన్ మండుతుంది. బేగంపేట రికార్డు 45.5 డిగ్రీలు 1966 జూన్ 2న. రోహిణిలో!

సెప్టెంబరు 27, శనివారం

నిన్న రాత్రి మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చింది. ప్రయాణికులను తాడు పట్టించి బయటికి తెచ్చారు. మా దగ్గర హిమాయత్‌సాగర్ గేట్లు, అటు ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తారు. రేపటికి 1908 మూసీ వరదకు 117 ఏళ్లు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసా నది మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికే కట్టినవి. తర్వాత మంచినీళ్ల చెరువులుగానే జనానికి గుర్తున్నాయి.

కరెంటు పోతూ వస్తూ ఉంది. పని ఆపలేదు.

ఆటల్లో నీళ్లు ఎంత అన్యాయంగా ఉంటాయో! మైన్‌క్రాఫ్ట్‌లో ఎంత వాన పడ్డా సముద్రం ఒక్క చుక్క పెరగదు, బయట పెట్టిన కొప్పెర మాత్రం నిండుతుంది. నాలుగు గడుల నీళ్ల గుంట ఎన్ని బకెట్లు తోడినా తరగదు. ఎండదు కాబట్టి చెరువు కట్టాల్సిన పని లేదు, కట్టాల్సిన పని లేదు కాబట్టి ఊరికి గుర్తుంచుకోవాల్సిందీ లేదు.

నాకు కావాల్సింది గొలుసుకట్టు చెరువులు. పై కుంట నిండి మత్తడి దుంకితే కింది కుంటలోకి, అక్కణ్నుంచి చెరువులోకి, ఏటిలోకి. ప్రోగ్రాంకు ఇది సులువు. గడులను ఎత్తు వరసలో పేర్చి, ప్రతి చెరువుకూ మూడు అంకెలు ఇస్తే చాలు: ఎంత పడుతుంది, తూము ఎంత వదులుతుంది, మత్తడి ఎటు పోతుంది. రాత్రి పై గుట్టల్లో పడిన వాన పొద్దున ఊరి పొలిమేరకు వస్తుంది, ఊళ్లో చినుకు పడకపోయినా సరే.

కష్టం ఇంకోచోట. ఆడేవాళ్లు దూరం వెళ్లగానే ఆ ముక్కను ప్రోగ్రాం మర్చిపోతుంది. తిరిగి వస్తే సీడ్ నుంచి మళ్లీ పుట్టిస్తుంది. గుట్టకు పర్వాలేదు, గుట్టకు చరిత్ర లేదు. చెరువులో ఉన్నది అంతా చరిత్రే. ఎవరూ చూడని మూడు నెలల్లో అందులోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది?

దారి దొరికింది. ఏ రోజు వాన ఎంతన్నది సీడ్, తేదీ రెండింటి నుంచే వచ్చేలా పెడితే పడిపోయిన వానలన్నీ ఎప్పుడంటే అప్పుడు మళ్లీ లెక్కగట్టొచ్చు. చివరిసారి చూసిన రోజునూ ఆనాటి నీటి మట్టాన్నీ మాత్రం దాచుకుని, అక్కణ్నుంచి ఇవాళ్టిదాకా చెరువులెక్క గబగబా నడిపించడమే. నడిపించి చూశా, మూడు నెలలకు కంటిరెప్పపాటు కూడా పట్టలేదు.

అక్టోబరు 12, ఆదివారం

విమానాలు పడమటి నుంచి దిగుతున్నాయి. గాలి మళ్లింది.

మా ఆర్టిస్టు అబ్బాయిది కాకినాడ. "ఇప్పుడు మీకు అయిపోయింది, మాకు మొదలు అక్కా. దీపావళికి తుపాను భయం లేకుండా మా అమ్మ ఒక్క ఏడాదీ ఉండలేదు" అన్నాడు. తుపానును కార్తెల పట్టికలో పెట్టకూడదని ఇద్దరం తేల్చాం. అది నడిచే వస్తువు. సముద్రంలో పుట్టాలి, దారి పట్టాలి, తప్పిపోవాలి.

అక్టోబరు 29, బుధవారం

నిన్న రాత్రి నరసాపురం దగ్గర మొంథా తుపాను తీరం దాటింది. ఇవాళ వరంగల్, హనుమకొండ నీళ్లలో ఉన్నాయి. కల్లాల్లో వడ్లు, చేలల్లో విచ్చిన పత్తి. జూన్‌లో చేతులు జోడించి అడిగిన అదే వాన. ఆటలో వానకు నేనిచ్చిన మార్కులన్నీ పాజిటివ్‌గా ఉన్నాయి, మార్చాలి. పంట ఏ దశలో ఉందో చూసే వాన మంచిదో చెడ్డదో తేలాలి.

నవంబరు 22, శనివారం

ఆకులు ఎప్పుడు రాల్చాలని ఆర్టిస్టు అడిగాడు. శరత్తులో ఎర్రబడి రాలే మేపుల్ బొమ్మలు వాడి దగ్గర రెడీగా ఉన్నాయి. నాయిన్ని వీడియో కాల్‌లో పెట్టా. ఆయన చెట్టు చెట్టుకూ వేరు లెక్క చెప్పాడు. వేప ఫిబ్రవరి, మార్చిలో రాల్చి, ఎండ ముదురుతుంటే రాగిరంగు చిగురు వేస్తుంది, ఉగాదికి పూత. మోదుగు ఆకంతా దులిపేసుకుని మోడు మీదే పూస్తుంది. కానుగ ఏప్రిల్ ఎండలో లేతపచ్చగా మెరుస్తుంది. సీతాఫలం వేసవంతా ఎండుపుల్లలే, వానలతోనే దానికి కళ.

నీళ్లు లేనప్పుడు చిగురేంటి తాతా అని వాడి సందేహం. నా కోడ్‌కూ అదే సందేహం, అది తడిని చూసి చిగురు వేస్తుంది. "వేపకు నీ వానతో ఏం పని, దాని వేరు ఎంత లోతు పోతదో ఎరికేనా?" అన్నాడు నాయిన. చెట్టుకు వేరు లోతు అని ఒక అంకె కలిపాం. లోతు వేర్లవి ఎండను చూసి చిగురుస్తాయి, పైవేర్లవి వానను చూసి. ఇంత చిన్న మార్పుతో వేసవి గుట్ట ఒక్కసారిగా మా ఊరి గుట్టలా కనిపించింది. గుండ్రాళ్లు మాత్రం రావడం లేదు. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ దక్కను గ్రానైటు బండలను ఏ నాయిస్ కూడా పేర్చలేకపోతోంది. అది వేరే పంచాయితీ.

డిసెంబరు 14, ఆదివారం

పొద్దున పొగమంచు, మధ్యాహ్నానికి ఎండ. అక్క కూతురు వచ్చింది. ఆట ఇచ్చి పక్కన కూర్చున్నా, ఏమీ చెప్పలేదు. మొదటి చినుకుకే విత్తింది, మాడిపోయింది. "పిన్నీ, నీ గేమ్ చీటింగ్" అంది. మళ్లీ మొదలుపెట్టి ఆగింది. మరీ ఎక్కువ ఆగింది, అదను పోయింది. ఆ తర్వాతి ఆటలో ఆరుద్ర పురుగు కనిపించేదాకా చెయ్యి కట్టుకుని కూర్చుంది. ఆ పురుగుకు అర్థం ఏంటో ఆటలో ఎక్కడా రాయలేదు. అది చూసి తీసుకుంది.

మంచు గురించి ప్రొడ్యూసర్ మళ్లీ అడిగాడు, టెక్స్చర్లకు డబ్బు పెట్టారు కదా. ఉత్తరాన ఎత్తు కొండలు పుట్టే సీడ్‌లలో పడుతుందని చెప్పా. అబద్ధం కాదు. అట్లాంటి సీడ్‌లు తక్కువ అంతే.

నాయినకు ఆట బాగానే ఉంది, ఒక్కటి తప్ప. కంప్యూటర్ నడిపే ఊరి రైతులంతా నేల తేమ గీత దాటగానే ఒకే పొద్దున నాగళ్లు కట్టారు.

"ఊరంతా ఒక్కనాడే విత్తుతదా? ఎన్నడన్న చూసినవా?"

నిజమే. ఒకడు ఆశపడి ముందే వేస్తాడు, ఒకడు పక్కవాణ్ని చూసి వేస్తాడు, ఒకడికి ఎద్దులు దొరకవు, ఒకడు మూడో వాన పడ్డా ఇంకా ఆకాశం చూస్తూనే ఉంటాడు. ప్రతి రైతుకూ పుట్టుకతో ఓపిక అని ఒక అంకె, సున్నా నుంచి ఒకటి దాకా, సీడ్ నుంచే ఇద్దామని రాసుకున్నా. సోమవారం పని అదే. ఆటలో తన పేరున్న రైతుకు ఎంత పెడతావని నాయిన సాయంత్రం నుంచి అడుగుతూనే ఉన్నాడు. 0.9 అన్నా. తక్కువైందట.